‘‘టీచర్, అయితే నాకు వచ్చినట్టా, రానట్టా?’’

విజయవాడ నుంచి ఒక లెక్కల టీచరు రాసిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలుంది. ఆవిడ ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేసి, విషయం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆవిడ 17 ఏళ్లుగా ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం స్కూళ్లలో లెక్కలు చెబుతున్నారు. భర్త ఆటోనగర్‌లో పనిచేస్తారు. ఆవిడ జీతం ఆగితే ఇల్లు గడవదు. ఈ జూన్‌లో స్కూలు యాజమాన్యం హైస్కూలు తరగతులకు ట్యాబులు కొంది. ప్రతి పీరియడ్ చివర ట్యాబులో ఐదు ప్రశ్నలు వస్తాయి. నాలుగేసి ఆప్షన్లు, ఒక్కో ప్రశ్నకు 30 సెకన్లు, తొందరగా నొక్కిన వాళ్లకు ఎక్కువ పాయింట్లు. బెల్లు కొట్టేలోపు ఎవరు ఎన్నో స్థానమో గోడ మీది ప్యానెల్‌పై పడుతుంది. సాయంత్రానికి ఆ జాబితా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి కూడా ‘మావాడికి ఇవాళ రెండే ఎందుకొచ్చాయి మేడమ్’ అని ఫోన్లు. నెలకోసారి మీటింగులో సెక్షన్ల వారీగా గ్రాఫులు చూపిస్తారు. ఆవిడ చెప్పే ఎనిమిదో తరగతి బి సెక్షన్, 42 మంది, రెండు నెలలుగా ఎరుపు రంగులోనే ఉంది.

ఇక ఆవిడ మాటల్లోనే:

‘‘ఎ సెక్షన్ ఎప్పుడూ ఆకుపచ్చే. ఎందుకో స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలుసు. ప్రశ్నలు టీచర్ల లాగిన్‌లో ముందురోజే కనిపిస్తాయి. అవే లెక్కలు పీరియడ్ మొదట్లో బోర్డు మీద చేయించేస్తారు. కోఆర్డినేటర్ సార్ నన్ను పక్కకి పిలిచి, ‘మీరూ కొంచెం అలా రివిజన్ చేయించండి మేడమ్’ అన్నారు. పోయిన నెల ఒకరోజు నేనూ ఆ పని చేశాను. ఐదింట్లో మూడు లెక్కలు ముందే చేయించాను. మా సెక్షన్ ఆకుపచ్చలోకి వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. లత అని ఒక అమ్మాయి ఉంది (పేరు మార్చాను). నోట్సులో ప్రతి మెట్టూ రాసి శుభ్రంగా చేస్తుంది, ట్యాబులో మాత్రం ఎప్పుడూ చివరి ఐదుగురిలో ఉంటుంది. ఆ రోజు దానికి ఐదుకి నాలుగొచ్చాయి. ట్యాబు తిరిగి ఇవ్వడానికి వచ్చి, ‘టీచర్, ఇవి ఇందాక బోర్డు మీద చేశారుగా. అయితే నాకు వచ్చినట్టా, రానట్టా?’ అని అడిగింది. బెల్లయింది, వెళ్లమ్మా అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పటికీ దానికి జవాబు చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మొదటి బెంచీలో ఒక కుర్రాడున్నాడు. ఏది అడిగినా ముందు చెయ్యెత్తేది వాడే. వాడికి భిన్నాల కూడిక రాదని నాకు ట్యాబు వల్లే తెలిసింది. రెండు నెలలు నేను కనిపెట్టలేకపోయాను.

నేను వీళ్ల దారికి అలవాటు పడిపోవాలా? యాజమాన్యంతో తేల్చుకోవాలా? మానేసి ఇంట్లో ట్యూషన్లు పెట్టుకోవాలా? మా అమ్మాయి ‘నీకు టెక్నాలజీ అంటే భయం అమ్మా’ అంటోంది. అంతేనా?’’

టీచర్ గారూ,

ముందు మీ అమ్మాయి మాట తేల్చేద్దాం. టెక్నాలజీ అంటే భయపడేవాళ్లు ‘ట్యాబు వల్లే తెలిసింది’ అని రాయరు. మీరు రాశారు, అదీ మీకు ఇబ్బందిగా ఉన్న విషయంలో. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన వాక్యం అదే. మొదటి బెంచీ కుర్రాడి గురించి, లత గురించి మీరు వేర్వేరు పేరాల్లో రాశారు. నాకు మాత్రం ఆ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి చూస్తే తప్ప మీ చిక్కు విడదనిపిస్తోంది.

నేను గుంటూరు జిల్లాలో జడ్పీ హైస్కూళ్లలో 30 ఏళ్లకు పైగా సైన్సు చెప్పాను. తెనాలి దగ్గర ఒక స్కూల్లో, ఏడో తరగతికి ఉష్ణోగ్రత పాఠం చెబుతున్న రోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. పాఠం అయ్యాక అందరు టీచర్లలాగే ‘అర్థమైందా?’ అన్నాను. ‘అర్థమైందండీ’ అని క్లాసంతా ఒకే రాగం. ఆ రాగం మీకూ తెలుసు. అందులో అర్థమైనవాడి గొంతూ, కానివాడి గొంతూ ఒకేలా ఉంటాయి. ఆ రోజెందుకో నాకు అనుమానం వచ్చింది. పక్కనున్న ఎలిమెంటరీ స్కూలు నుంచి పలకలు అరువు తెప్పించాను. ‘ఒక గ్లాసులో 30 డిగ్రీల నీళ్లున్నాయి. ఇంకో గ్లాసులోనూ 30 డిగ్రీల నీళ్లే. రెండూ ఒక గిన్నెలో పోస్తే ఎన్ని డిగ్రీలు? రాసి, నేను చెప్పినప్పుడు అందరూ ఒకేసారి ఎత్తండి’ అన్నాను.

ఎత్తారు. సగానికి పైగా పలకల మీద 60.

నాకు గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. మొదటి బెంచీలోనూ 60 ఉంది. ఒకడు పక్కవాడి పలక చూసి చేత్తో గబగబా చెరిపి 30 వేస్తున్నాడు, ఆ సుద్ద మరకలో వాడి 60 ఇంకా కనిపిస్తూనే ఉంది. వెంటనే బకెట్లో నీళ్లు తెప్పించి, రెండు గ్లాసుల్లో పోయించి, థర్మామీటర్ పెట్టి వాళ్లచేతే చూపించాను. మర్నాడు మళ్లీ పలకలు ఎత్తించాను. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా పలకలు మానలేదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మీ ట్యాబు చేసే మంచి పని అచ్చంగా పలక చేసే పనే. చేతులెత్తించి అడిగితే ధైర్యం ఉన్న నలుగురి సంగతే తెలుస్తుంది. మీ మొదటి బెంచీ కుర్రాడు రెండు నెలలు మీ కంట పడకపోవడానికి కారణం మీ అజాగ్రత్త కాదు. చెయ్యెత్తే పిల్లవాడికి వచ్చు అని మనం అనుకుంటాం, అంతే. 42 మందీ ఒకేసారి, ఎవరి జవాబు వాళ్లు చెప్పే ఏర్పాటు ఏదైనా సరే, అది టీచరుకి వరం. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజూర్ అనే భౌతికశాస్త్రం ప్రొఫెసర్ 1991 నుంచి ఈ దారినే పాఠాలు చెబుతూ వచ్చారు. పాఠం మధ్యలో ఒక ప్రశ్న వేస్తారు. ప్రతివాళ్లూ ఎవరికి వాళ్లు జవాబిస్తారు. సరైన జవాబు సుమారు 30 నుంచి 70 శాతం మంది మాత్రమే ఇస్తే, అసలు జవాబేమిటో చెప్పకుండా పక్కవాళ్లతో వాదించుకోమంటారు. తర్వాత అదే ప్రశ్నకు మళ్లీ జవాబు అడుగుతారు. అంత పెద్ద చోట కూడా, నేను చెప్పింది వీళ్లకి ఎక్కింది అనుకోవడం ఉత్త భ్రమ అని ఆయన గమనించడంతోనే ఇదంతా మొదలైంది. కాబట్టి ‘ట్యాబులు వద్దు’ అని మీరు జెండా ఎత్తితే, నేను మీ పక్షాన నిలబడలేను.

మరి నా పలకకీ మీ ట్యాబుకీ తేడా ఎక్కడుంది? ఆ 60లు ఏ రిజిస్టర్లోనూ ఎక్కలేదు. ఎవరి ఇంటికీ వెళ్లలేదు. పలక చెరిపేస్తే పోయింది. అందుకే మర్నాడు అడిగినప్పుడు కూడా పిల్లలు తమకు నిజంగా తోచిందే రాశారు. మీ ట్యాబులో తప్పు నొక్కితే అది బెల్లు కొట్టకముందే గోడెక్కుతోంది, చీకటి పడకముందే ఇంటికి చేరుతోంది. అలాంటప్పుడు తెలియనిది తెలియదని చూపించడానికి ఏ పిల్లకి మాత్రం మనసొప్పుతుంది? పిల్లలు దాచుకుంటారు. ఎ సెక్షన్ టీచరూ దాస్తున్నారు. ఒకరోజు మీరూ దాచారు. మీ స్కూల్లో జరుగుతున్నదంతా ఇదే. తప్పులు బయటపడాల్సిన చోటే తప్పులు దాచుకోవాల్సి వస్తోంది.

మన బీఈడీ పుస్తకాల్లో దీనికి పేర్లున్నాయి. నేర్చుకుంటూ ఉండగా చూసేది నిర్మాణాత్మక మూల్యాంకనం, చివర్లో లెక్కకట్టేది సంగ్రహణాత్మక మూల్యాంకనం. మీ యాజమాన్యం మొదటిదాని పనిముట్టు కొని, దాంతో రెండోది రోజుకి ఆరు పీరియడ్లూ చేయిస్తోంది.

ఇందులో లెక్క కూడా తప్పింది. మీరు లెక్కల టీచరు కాబట్టి మీకు వెంటనే పట్టుబడుతుంది. ఐదు ప్రశ్నలు, నాలుగేసి ఆప్షన్లు. మీ 42 మందీ ప్రశ్న చదవకుండా కళ్లు మూసుకుని నొక్కారనుకోండి. సగటున 15 మందికి రెండో, అంతకంటే ఎక్కువో వస్తాయి. నలుగురికి మూడో, ఆపైనో వస్తాయి. అంటే సోమవారం రెండు, మంగళవారం మూడు వస్తే ఆ పిల్లవాడు ‘మెరుగుపడ్డాడు’ అనడానికి ఆధారమే లేదు. జేఈఈ మెయిన్‌లో తప్పుకు ఒక మార్కు కోసేది ఈ గుడ్డి నొక్కుడికి అడ్డుకట్ట వేయడానికే. మీ యాప్‌లో అదీ లేదు, పైగా తొందరకు బహుమతి ఉంది. లత ప్రతి మెట్టూ కాగితం మీద వేసి చూసుకునే పిల్ల. 30 సెకన్లలో ఆమె లెక్క సగంలో ఉంటుంది. ఆమెకు ఒకటి రావడం, చదవకుండా నొక్కినవాడికి రెండు రావడం, ఈ రెండూ పక్కపక్కన ప్యానెల్ మీద కనపడటం చాలా అన్యాయం. ఈ మాట మీరు ఎవరి ముందైనా నిబ్బరంగా అనవచ్చు.

ప్రశ్న ఎలా ఉందన్నది ఇంకో సంగతి. భిన్నాల కూడికే తీసుకోండి. 2/3 + 1/4 ఎంత? ఆప్షన్లు: 11/12, 3/7, 3/12, 2/12. సరైనది 11/12. 3/7 నొక్కిన పిల్ల లవాలు లవాలకీ, హారాలు హారాలకీ కలిపేసింది. 3/12 నొక్కిన పిల్లకి క.సా.గు. తీయడం వచ్చు, లవాన్ని కూడా దానికి తగ్గట్టు మార్చాలని తెలియదు. 2/12 నొక్కినవాడు కూడికని గుణకారం చేసేశాడు. ముగ్గురికీ ‘సున్నా’యే వస్తుంది. ముగ్గురికీ కావలసిన పాఠం మాత్రం వేరు. 3/7 నొక్కిన పిల్లలకి ఒక చపాతీని మూడు ముక్కలు చేసి, ఇంకోదాన్ని నాలుగు ముక్కలు చేసి చూపించాలి. 3/12 వాళ్లకి అదంతా అక్కర్లేదు, రెండు నిమిషాలు పక్కన కూర్చుంటే చాలు. మీ టీచర్ల లాగిన్‌లో ఏ ఆప్షన్ ఎంతమంది నొక్కారో చూపించే పేజీ ఉందేమో వెతకండి. ఇలాంటి యాప్‌ల్లో చాలావాటికి ఉంటుంది. ర్యాంకుల జాబితా కంటే ఆ పేజీ మీకు వంద రెట్లు పనికొస్తుంది. మీ కుర్రాడు ఏ ఆప్షన్ నొక్కాడో మీరు రాయలేదు. చూశారా? చూడకపోతే ఈ వారమే చూడండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఎవరి అనుమతీ అడగకుండా మీ చేతిలో ఉన్నది మొదట చెబుతాను, ఎందుకంటే రేపు పొద్దున్నే మొదలుపెట్టొచ్చు. ట్యాబుల క్విజ్ పీరియడ్ చివర్లో ఎలాగూ నడుస్తుంది, నడవనివ్వండి. పీరియడ్ మధ్యలో మీదైన ప్రశ్న ఒకటి, ఒకే ఒక్కటి, పైన చెప్పిన భిన్నాల ప్రశ్నలాంటిది అడగండి. జవాబుకు పలకలు వాడినా సరే. అది చిన్నపిల్లల వ్యవహారమని ఎనిమిదో తరగతి వాళ్లు సిగ్గుపడితే ప్లికర్స్ అనే యాప్ ఉంది. పిల్లల దగ్గర ఏ యంత్రమూ అక్కర్లేదు. ఒక్కొక్కరికీ క్యూఆర్ కోడ్‌లాంటి బొమ్మ ఉన్న అట్టముక్క ఇస్తారు. దాన్ని నాలుగు వైపుల్లో ఎటు పైకి తిప్పి పట్టుకుంటే అది వాళ్ల జవాబు. మీరు మీ ఫోన్ కెమెరాని క్లాసు మీదుగా ఒకసారి తిప్పితే ఎవరు ఏ జవాబు చెప్పారో మీ ఫోన్లో కనిపిస్తుంది. ఒక్కో అట్ట మీద బొమ్మ ఒక్కోలా ఉంటుంది, అక్షరాలు చిన్నవి, కాబట్టి పక్కవాళ్లని చూసి తిప్పడం కుదరదు. ఆ రోజు నా క్లాసులో పలక చెరిపి 30 వేసిన కుర్రాడికి ఈ అట్ట ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదో. డబ్బు కట్టకుండా వాడుకునే వీలుంది. అట్టలు ప్రింటు తీయించి, ముడతలు పడకుండా దళసరి కాగితానికి అంటిస్తే ఏడాదంతా వస్తాయి.

అదీ కుదరకపోతే చీటీ. పావు కాగితం, ఒక లెక్క, మెట్లతో సహా. 42 చీటీలు స్టాఫ్‌రూమ్‌లో మూడు కుప్పలుగా వేయడానికి పది నిమిషాలు పడుతుంది: వచ్చినవి, దారిలో ఉన్నవి, అసలు మొదలుకానివి. మార్కులు వేయకండి. లత బుర్ర ఎలా పనిచేస్తుందో ట్యాబు ఎప్పటికీ చూపించలేదు, చీటీ చూపిస్తుంది. ఏ యంత్రమైనా జవాబు దగ్గరే ఆగిపోతుంది. లెక్కల్లో మనకు కావలసింది దారి.

ఈ పద్ధతిలో మీకు కష్టం రెండింతలు. గ్రాఫ్ కొన్నాళ్లు ఎరుపులోనే ఉంటుంది. మీటింగుల్లో తల దించుకుని కూర్చోవాల్సి వస్తుంది. అది చిన్న విషయమని నేననను.

రెండో దారి, మాట్లాడటం. ‘తేల్చుకోవడం’ అని మీరు రాశారు, ఆ మాటను కాస్త పక్కన పెడదాం. ఆ కోఆర్డినేటర్ గారి మీద మీకు కోపం ఉంది. ఆయన మీద కూడా ఎవరో గ్రాఫ్ అడిగేవాళ్లు ఉన్నారు. బెంజ్ సర్కిల్ నుంచి ఏలూరు రోడ్డు దాకా ఏ హోర్డింగ్ చూసినా ర్యాంకులే ఉన్న ఊళ్లో, మా స్కూల్లో రోజూ ర్యాంకు చెబుతాం అంటే అడ్మిషన్లు వస్తాయని యాజమాన్యం అనుకోవడం వింతేమీ కాదు. ఎనిమిదో తరగతికే ఫౌండేషన్ కోచింగ్ అంటున్న తల్లిదండ్రులకూ అది కావాలి. ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ కంప్యూటర్ మీదే కదా, ఇప్పటినుంచే అలవాటవుతుంది అని మీతో అంటారు. అందులో నిజం ఉంది. దానికి మీ జవాబు సిద్ధంగా ఉండాలి: వారానికోసారి టైమర్ పెట్టి పరీక్ష పెట్టండి, మార్కులు ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు. రోజూ పాఠంలో జరిగేదాన్ని మాత్రం నాకు వదలండి.

వెళ్లేటప్పుడు మీ బాధ తీసుకెళ్లకండి, మీ నోట్సు తీసుకెళ్లండి. మొదటగా ఆ కుర్రాడి సంగతి చెప్పండి. ‘ట్యాబు వల్ల నాకు తెలిసింది సార్’ అన్న మాటతో మొదలైతే ఆయన వింటారు. తర్వాత ఆ 15 మంది, నలుగురు లెక్క కాగితం మీద వేసి చూపించండి. మీ ఉత్తరంలో ట్యాబులు పంచి, లాగిన్లు అయి, మళ్లీ సర్దేసరికి 12 నిమిషాలు పోతున్నాయని రాశారు. వారానికి ఆరు పీరియడ్లంటే 72 నిమిషాలు, దాదాపు రెండు పీరియడ్లు. అదీ చెప్పండి. అడగాల్సింది ఒక్కటే: ఒక్క నెల, ఒక్క బి సెక్షన్లో, రోజువారీ జాబితా ప్యానెల్ మీదకీ గ్రూపులోకీ వెళ్లకూడదు. వారం చివరి పరీక్ష మార్కులు ఎవరి తల్లిదండ్రులకు వాళ్లవే విడిగా వెళ్తాయి. నెల తర్వాత రెండు సెక్షన్లకూ ఒకే కొత్త పేపర్ పెట్టి చూడండి.

1988లో ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు చేసిన ప్రయోగం ఒకటి కూడా చెప్పొచ్చు. కొందరు పిల్లల పనికి మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి ఎక్కడ ఏం చేయాలో రెండు మాటలు మాత్రమే రాశారు, కొందరికి రెండూ ఇచ్చారు. తర్వాతి పనిలో మెరుగుపడినవాళ్లు మాటలు మాత్రమే అందుకున్నవాళ్లు. మార్కూ మాటా రెండూ ఇచ్చిన చోట, మాట ఉన్నా ప్రయోజనం కనపడలేదు. మార్కు పక్కనుంటే పిల్లల కళ్లు దానిమీదే ఉంటాయి. ఇది నేను 30 ఏళ్లు పేపర్లు పంచిన ప్రతిసారీ చూశాను. ‘నీకెన్ని?’ అన్న గుసగుసలో నేను ఎర్రసిరాతో రాసిన మాటలన్నీ కొట్టుకుపోయేవి.

ప్రశ్నలు ముందే తెలిసిపోతున్న సంగతి ఎలా చెప్పాలన్నది సున్నితమైన విషయం. ఎ సెక్షన్ టీచరు పేరు ఎత్తకండి. ఎత్తితే విషయం పక్కకుపోయి స్టాఫ్‌రూమ్ తగాదా మిగులుతుంది, పైగా ఆవిడకీ మీలాగే ఇల్లుంది. ‘క్విజ్ మొదలయ్యేదాకా ప్రశ్నలు మా లాగిన్లలో కనపడకుండా పెట్టండి సార్, మాకే మంచిది’ అని అడగండి. ఎవరినీ వేలెత్తి చూపకుండానే తలుపు మూసుకుంటుంది.

చట్టం మాట కూడా తెలిసి ఉండటం మంచిది, బెదిరించడానికి కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో 29వ సెక్షన్ పిల్లలు భయం, ఆందోళన లేకుండా నేర్చుకోవాలనీ, వాళ్ల అవగాహనను నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయాలనీ చెబుతుంది. రెండూ ఒకే సెక్షన్లో పక్కపక్కనే ఉన్నాయి. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల సమాచారం వాడుకోవడానికి సాధారణంగా తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. 42 మంది పిల్లల మార్కులు పేర్లతో సహా 42 ఇళ్లకీ పంపడం స్కూలుకు మంచిదా అని మెల్లగా అడిగితే, యాజమాన్యానికి మీ మిగతా మాటలన్నిటికంటే అదే ముందు ఎక్కవచ్చు.

కోఆర్డినేటర్ గారు ఒప్పుకోవచ్చు. సగం ఒప్పుకుని, ప్యానెల్ ఆపి గ్రూపు మాత్రం ఉంచుతాననవచ్చు. ఆ సగం తీసుకోండి. తోటి పిల్లల ముందు గోడెక్కడం, ఇంట్లో అమ్మ చూడటం కంటే బాగా గుచ్చుకుంటుంది. కుదరదు అనే అవకాశమూ ఉంది. అప్పుడు మీ మీద ‘సమస్యలు చెప్పే టీచర్’ అన్న ముద్ర పడొచ్చు. 17 ఏళ్ల అనుభవం ఉన్న లెక్కల టీచరుని విద్యాసంవత్సరం మధ్యలో ఏ స్కూలూ తేలిగ్గా వదులుకోదు, అయినా ఆ ముద్రకు మీరు సిద్ధపడి వెళ్లాలి.

మూడో దారి, అలవాటు పడిపోవడం. రోజూ ‘రివిజన్’ చేయించేయడం. దీన్ని పాపమనీ ద్రోహమనీ నేను అనను. జీతం మీద బతికే మనుషులం. కాకపోతే ఏం పోతుందో తెలిసి చేయాలి. గ్రాఫ్ ఆకుపచ్చ అవుతుంది, ఫోన్లు తగ్గుతాయి, రాత్రి తొమ్మిదికి మీరు ప్రశాంతంగా అన్నం తింటారు. కానీ ఇలా చేసి ఉంటే మీకు ఆ మొదటి బెంచీ కుర్రాడి సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. వాడు బోర్డు మీద చూసింది నొక్కేవాడు, మీరు చప్పట్లు కొట్టించేవారు. తొమ్మిదో తరగతిలో బీజగణితంలో భిన్నాలు వచ్చినప్పుడు వాడు నీళ్లు నమిలేవాడు. అప్పుడు కూడా మీరే వాడి టీచరు. మీకు నిద్ర పట్టని రాత్రి ఒకటే అయింది. ఈ దారిలో వెళ్తే నిద్ర పడుతుంది, నాకు దిగులు కలిగిస్తున్నది అదే.

మానేయడం గురించి పెద్దగా చెప్పను. ట్యూషన్లలో నలుగురైదుగురు పిల్లలుంటారు, ఒక్కొక్కరి నోట్సూ చూడగలరు, అది మీకు సంతోషంగానే ఉంటుంది. అక్కడికీ తల్లిదండ్రులు మార్కులు అడుగుతూనే వస్తారు. ఆటోనగర్ జీతం ఒక్కటే నెలంతా లాగలేదని మీరే రాశారు కనుక, ఈ నిర్ణయం వేసవి సెలవులకు వాయిదా వేయండి. ఇప్పుడే సాయంత్రం పూట ఇద్దరు ముగ్గురితో మొదలుపెట్టి చూడొచ్చు, మీ స్కూలు నిబంధనలు అడ్డుకాకపోతే.

నేనే మీ స్థానంలో ఉంటే, మొదటిది రేపే మొదలుపెట్టి, మూడు వారాల చీటీలు చేతిలో పట్టుకుని రెండోదానికి వెళ్లేదాన్ని. చేతిలో చీటీల కట్ట ఉంటే గొంతు వణకదు. మీ మనస్తత్వం, మీ స్కూలు వాతావరణం మీకు తెలిసినట్టు నాకు తెలియవు, కాబట్టి ఇది మీరు తూచుకోవాల్సిందే.

ఆ ఒక్కరోజు చేసిన పని గురించి యాజమాన్యానికి చెప్పాలా అని మీరు అడగలేదు, కానీ ఉత్తరమంతా ఆ ప్రశ్న వినిపిస్తోంది. యాజమాన్యానికి అక్కర్లేదు. వాళ్లే చేయమన్నారు. పిల్లలకి చెప్పండి. ‘ఆ రోజు మూడు లెక్కలు ముందే చేయించాను, నాది పొరపాటు, ఆ మార్కులు మనం లెక్కేసుకోవద్దు’ అని బి సెక్షన్ ముందు రెండు వాక్యాల్లో అనేయండి. పరువు పోదు. ఎనిమిదో తరగతి పిల్లలకి అప్పటికే తెలుసు. టీచరు తన తప్పును తప్పని చెప్పిన క్లాసులో, తర్వాత ఏ పిల్లైనా ‘నాకు రాలేదు టీచర్’ అనడానికి అంత బెదరదు.

లతతో మాత్రం విడిగా మాట్లాడండి. లంచ్ బెల్లయ్యాక పిలవండి. ఆ అమ్మాయి అడిగింది మామూలు ప్రశ్న కాదు. ‘మంచి ప్రశ్న అడిగావు, ఆ రోజు నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడు ఇద్దరం కలిసి చూద్దాం’ అనండి. బోర్డు మీద ఎప్పుడూ చేయని లెక్క ఒకటి ఇవ్వండి, 3/5 + 1/6 లాంటిదైనా సరే. వాచీ చూడకండి. పక్కన కూర్చోండి. ఆమె తన పద్ధతిలో మెట్టు మెట్టూ వేసుకుంటూ 23/30 దాకా వస్తే, ఆ కాగితం ఆమె చేతికే ఇచ్చి, ‘ఇప్పుడు నువ్వే చెప్పు’ అనండి. రాకపోతే ఎక్కడ ఆగిందో వేలుపెట్టి చూపించి, అక్కడి నుంచి మొదలుపెట్టండి.